క్లిప్పు దావీదన్న

నిన్న పొద్దున వికారాబాద్ నుంచి వదిన ఫోన్. "యాదగిరీ, మీ అన్న పోయిండు" అంది.

నమ్మలేకపోయాను. మొన్ననే వీడియో కాల్‌లో తిట్టాడు, షుగర్ టాబ్లెట్ మానేశానని.

దావీదన్న నాకు తోడబుట్టినవాడు కాదు. అంతకంటే ఎక్కువే.

పంతొమ్మిది వందల అరవైలలో వికారాబాద్ బయట బీడు భూమిలో ఆదివారాలు మేం నలుగురం మోడల్ విమానాలు ఎగరేసేవాళ్లం. వాటిని కింద నుంచి నడిపే మా రేడియో సెట్లన్నిటిదీ ఒకటే ఫ్రీక్వెన్సీ. ఒకరి విమానం గాల్లో ఉండగా ఇంకొకరు సెట్ ఆన్ చేస్తే, అది అదుపు తప్పేది, అంతే సంగతులు.

అందుకే అన్న ఒక రూల్ పెట్టాడు.

ఎర్ర రంగు పూసిన చెక్క బట్టల క్లిప్పు ఒకటి. అది ఎవరి చొక్కాకు ఉంటే వాళ్లే సెట్ ఆన్ చేయాలి. మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే!

ఒక ఆదివారం నా మొదటి విమానం చూపించడానికి మా నాయనను బషీరాబాద్ నుంచి రైల్లో తీసుకొచ్చాను.

"గాలిమోటరు లేస్తే మీ అన్న దగ్గర రేడియో పని నేర్సుకో. లేవకుంటే రేపట్నుంచి గొర్లెంబడి పో" అన్నాడు నాయన.

తీరా చూస్తే క్లిప్పు లేదు. అన్న జేబులన్నీ తడుముకున్నాడు.

"ఇంకోటి పెట్టుకుందాం తియ్యన్నా" అన్నాను.

"పాతది ఎవని దగ్గరన్న ఉంటే? రెండు క్లిప్పులైతయి, రెండు సెట్లు ఆన్ అయితయి. నీ ఇమానం ముక్కలైతది. జర ఆగు" అని సైకిల్ మీద ఇంటికి పరుగు.

కొత్తగా కాపురానికొచ్చిన వదిన, పాపం, అన్న చొక్కా ఉతికి, ఆ క్లిప్పుతో దండెం మీద తన చీర బిగించిందట!

చెమటలు కక్కుతూ, నవ్వుకుంటూ వచ్చాడు మహానుభావుడు.

అప్పటికే పొద్దు వాలింది. ఒక్కరికే టైం ఉంది. వంతు ప్రకారం అన్నదే. నెలల తరబడి చేసుకున్న కొత్త విమానం చేతిలో ఉంది.

అయినా క్లిప్పు తెచ్చి నా చొక్కాకు పెట్టాడు.

"నాది వచ్చే ఐతారం లేస్తది. మీ నాయిన మల్ల రాడు."

లేచింది!

నాయన తలరుమాలు చేత్తో పట్టుకుని, మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాడు. రైల్లో తాండూరు దాటాక మెల్లగా, "గా దావీదు చెప్పినట్టు ఇను కొడుకా" అన్నాడు.

విన్నాను. రిటైరయ్యేదాకా రేడియో పనితోనే నా ఇల్లు గడిచింది. అది నువ్వు పెట్టిన అన్నం, అన్నా.

వదినను మేం చూసుకుంటాం. ఫికర్ పడకు.

దేవుని దగ్గర నిమ్మళంగా ఉండు.