తోలు దూడను చూసిన పిల్ల

ఆసుపత్రి నుంచి వచ్చిన తల్లి చేతులు చాపితే మా మూడేళ్ల కూతురు ఒళ్లోకి పోలేదు. దగ్గరికి వచ్చి ఆమె చేతి మీద గట్టిగా గిల్లింది. పిల్ల ఎక్కడ బెదురుతుందోనని నా భార్య నొప్పి ఓర్చుకుని నవ్వింది. పిల్ల చప్పున వెనక్కి తగ్గి అమ్మమ్మ చీర పట్టుకుని అడిగింది:

"దీని లోపల గడ్డి ఉండాదా?"



కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను గిద్దలూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. నా భార్యకు టైఫాయిడ్ వచ్చి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. కర్నూలులో నెలల తరబడి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. పిల్లను రాచర్ల దగ్గరి పల్లెలో అత్తగారింట్లో వదిలాం. తిరిగి వచ్చేనాటికి నా భార్య సగమైంది. జుట్టు రాలిపోగా మిగిలింది కత్తిరించేశారు. గొంతు కూడా మారింది. పిల్లకు తెలిసిన అమ్మ పొడుగు జడ వేసుకున్న మనిషి. దారి పొడుగునా నా భార్య ఒక్కటే అంటూ వచ్చింది, బిడ్డ నోట అమ్మా అని వినాలని.

నాకు మొదట అత్త మీదే అనుమానం. ఆమె నాకు మేనత్త కూడా. మనవరాలిని తన దగ్గరే పెంచుకోవాలన్న కోరిక ఆమెకుందని నాకు తెలుసు. ఏ మాట ఎవరి నోట పుట్టిందో వెతకడం నాకు వృత్తి వల్ల అబ్బిన అలవాటు. ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"అత్తా, పిల్లకేమన్నా చెప్పినావా?"

"ఏం జెప్తానురా? మీయమ్మ పోయింది, ఇది గడ్డిబొమ్మ అని జెప్తానా? అది నా కడుపున బుట్టింది గాదా? పేపరోళ్లకి అన్నీ అనుమానాలే."

ఆ మాట నేను పూర్తిగా నమ్మలేదు. మర్నాడు పొద్దున పాలు పిండే వేళకు సంగతి తెలిసింది. అత్త బర్రె ఈనిన కొన్నాళ్లకే దూడ చచ్చిపోయింది. దూడ ఎదురుగా లేకపోతే బర్రె పాలు చేపదు. అందుకని ఆ పల్లెల్లో అందరూ చేసే పనే అత్తా చేయించింది. చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల ఎండుగడ్డి కుక్కి కుట్టించింది. దాన్ని ముందు నిలబెడితే బర్రె నాకుతూ పాలు వదిలేది.

మా పిల్ల రోజూ పక్కన కూచుని చూసేది. నాలుగు కాళ్లు, రెండు చెవులు, నల్లటి ముట్టె ఉంటే దూడే అనుకుంది. మేత పెడితే అది తినలేదు. ఒకరోజు కుట్టు ఊడి గడ్డి బయటపడింది. అప్పటి నుంచి పిల్ల కనిపించిన ప్రాణినల్లా గిల్లడం మొదలుపెట్టింది.

"మేకపిల్లను గిల్లితే అరిచింది. పండుకున్న తాతను గిల్లితే బూతులు తిట్టినాడు. తిట్టినోడు నిజం తాతంట," అన్నది అత్త.

ఓర్చుకుని నవ్వడమే నా భార్య చేసిన పొరపాటు. విషయం విని ఆమె పిల్లను పిలిచి చెయ్యి ముందుకు పెట్టింది.

"మళ్లా గిల్లవే."

పిల్ల గిల్లింది.

"అబ్బా! చెయ్యి ఊడబీకుతావా ఏంది, రాక్షసీ?"

పిల్ల తృప్తిగా తలూపింది. "గడ్డి లేదు," అని అమ్మమ్మకు చెప్పింది. అంతవరకే ఒప్పుకుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర తల్లిని అడిగింది:

"అత్తా, నువ్వు మీ ఊరికి ఎప్పుడు పోతావు?"

మా ప్రాంతంలో ఇంటికి వచ్చిన ఆడమనిషి ఎవరైనా అత్తో పిన్నో అవుతుంది. అన్నం కలుపుతూ నా భార్య అన్నది:

"నేను మీ అమ్మనే."

"మాయమ్మకు జడ ఉండాది."

"జొరానికి రాలిపోయింది. మళ్లా వస్తాది."

"సచ్చిన దూడ మళ్లా వస్తాదా?"

"రాదు."

"మరి జడ ఎట్ల వస్తాది?"

నా భార్య నా వైపు చూసింది. "వస్తాది, నువ్వే చూస్తా ఉండు," అన్నది చివరికి.

పిల్ల నిజంగానే చూసింది. గిద్దలూరు వచ్చాక పొద్దున్నే తల్లి తల తడిమి చూసేది. ఏమీ అనేది కాదు. తల్లి ముద్ద పెడితే ముందు నన్ను తినమనేది. నేను తిన్నాక నా ముఖంలోకి కాసేపు చూసి, అప్పుడు నోరు తెరిచేది.

జుట్టు మెల్లగా మెడ దాకా వచ్చింది. ఎప్పుడో ఒకనాడు అత్తా అనడం మాని అమ్మా అన్నది. ఆ రోజేదో మాలో ఎవరమూ గమనించలేదు. భుజం దాటి జుట్టు పెరిగాకనే అంటుంది నా భార్య. అంతకు ముందే, పిల్లకు గవదబిళ్లలు వచ్చి తల్లి పక్కలో పడుకున్నప్పుడు అన్నదని నా జ్ఞాపకం. పెద్దదయ్యాక కూతుర్నే అడిగాం. గుర్తు లేదన్నది. తల్లిని గుర్తుపట్టి పిలిచిందో, అలవాటై పిలిచిందో మాకు ఇప్పటికీ తెలియదు.