పక్షవాతం తర్వాత ఒంటరి స్నానం

ఆ రోజు ఉదయం చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఎడమచెయ్యి మాట వినలేదు. వేళ్ళు కదులుతున్నాయి గాని గుండీ కాజాలోకి పోవడం లేదు. నా వయసు అరవై మూడు. చలికి బిగుసుకుపోయిందనుకున్నాను. నా భార్య సరస్వతి కాఫీ తెచ్చి నా ముఖం చూసి, "ఏమండీ, నోరు వంకర పోతా ఉండాది," అంది. పది నిమిషాల్లో ఆటోలో ఉన్నాం.

కోలారు ఆసుపత్రిలో సీటీ స్కాన్, తర్వాత ఎంఆర్ఐ తీశారు. "ఇస్కీమిక్ స్ట్రోక్, మెదడుకు రక్తం అందలేదు. తొందరగా తెచ్చినారు కాబట్టి సరిపోయింది. ఎడమపక్క కొంత వీక్‌నెస్ మిగులుతుంది. ఫిజియోథెరపీ మానొద్దు," అన్నారు డాక్టరమ్మ. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

ఇంటి సంగతి చెప్పాలి. కోలారు బంగారు గనుల పక్కన ఆండర్సన్‌పేటలో ధాన్యం అంగడి, దాని వెనక పదకొండు గదుల ఇల్లు మా తాతగారివి. అంగడి పోయింది. ముందు గదులు అమ్ముకున్నాం. మాకు మిగిలింది వెనక మూడు గదులు, నాలుగడుగుల వెడల్పు బాత్‌రూం. లోపలికి వెళ్తుంటే కుడివైపు మా గోడ, ఎడమవైపు కమోడ్. కమోడ్ వెనక గోడ ముందిల్లు కొన్నవాళ్ళది, మేము ముట్టుకోకూడదు. ఎదురుగా కొళాయి. ఏదీ జరపడానికి చోటు లేదు.

మూడు నెలలు సరస్వతే నాకు స్నానం చేయించింది. ఆమెది నడుము నొప్పి ఒళ్ళు. నన్ను పట్టుకుని పట్టుకుని ఆమె కూడా మంచం పడుతుందేమోనని భయం. నా ఒంటి మీద నాకే అధికారం లేదన్న బాధ అంతకంటే పెద్దది. ఎవరి చెయ్యీ లేకుండా స్నానం చేయగలిగితే చాలు, నడక ఎలా ఉన్నా ఫరవాలేదనుకున్నాను. ఒకరోజు ఆమె వద్దంటున్నా తలుపు వేసుకున్నాను. స్నానమైంది. బయటికి వస్తుంటే తువ్వాలు కడ్డీ గోడ నుంచి ఊడి చేతిలోకి వచ్చింది. తలుపుకు అడ్డంగా పడ్డాను. అది లోపలికి తెరుచుకునే తలుపు, నేను అడ్డం ఉంటే కదలదు. ముందింటి పెద్దాయన వచ్చి తలుపు పలక పగలగొట్టి నన్ను లేవదీశాడు. మా ఇల్లు కొన్న మనిషి నన్ను ఆ స్థితిలో చూశాడు. నెల రోజులు ఆయనకు ఎదురుపడలేదు.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ, "ఫ్రాక్చర్ లేదు. ఇంకోసారి పడితే హిప్ పోతుంది. ఇప్పుడు మీకు కావలసింది నేను కాదు, మేస్త్రీ," అన్నారు.

మునిరత్నం వచ్చాడు. మా పేటవాడే. బంగారు గని మూసేదాకా భూమి కింద కొయ్యలు నిలబెట్టి, పైరాయి కూలకుండా కాచినవాడు. ఇప్పుడు ఇళ్ళలో చిన్న పనులు చేస్తాడు. నన్ను ఇంకా సావుకారు అని పిలిచేది అతనొక్కడే.

"యాడ పట్టుకుంటారు సావుకారూ?"

"నేనేమీ పట్టుకోను."

"మరి ఆ కడ్డీ ఎట్ల ఊడె?"

"తువ్వాలు తీసుకుంటుంటే."

"కడ్డీతో పాటే తీసుకుంటిరా?"

అతను గీతలు కొట్టే కావి పొడి తడిపి నా రెండు అరచేతులకు పూశాడు. "నీళ్ళు వద్దు, బట్టలు ఇప్పొద్దు. దినామూ చేసేదంతా చేసి రాండి. నేను వెనకాలే ఉంటాను," అన్నాడు.

వచ్చాక గోడ చూశాం. తొమ్మిది ఎర్రటి అచ్చులు. అన్నీ కుడిచేతివే.

"ఏమండీ, ఆ చేతులు ఎవురివి? ముందింటోళ్ళవా?" అంది సరస్వతి.

మునిరత్నం నవ్వలేదు. రెండు అచ్చుల మీద వేలు పెట్టి చూపాడు. "ఈ వేళ్ళు వాకిలి దిక్కు ఉండాయి చూడండి. ఇవి బయటికి వచ్చేటప్పుడు పడినవి. పోయేటప్పుడు గోడ మీకు కుడిపక్క. వచ్చేటప్పుడు అదే గోడ ఎడమపక్క. ఆ చెయ్యి పట్టదు గదా, ఇంగ కుడిచెయ్యి ఎదకు అడ్డం తిప్పి పట్టుకుంటా ఉండారు. ఒళ్ళు మెలిక పడతాది. అందుకే పడినారు."

నేను ఎందుకు పడ్డానో నాకే తెలియదు. అతను గోడ చూసి చెప్పాడు.

వచ్చేటప్పుడు కుడిపక్క ఆసరా కావాలి. అటు కమోడ్, దాని వెనక పరాయి గోడ. సుత్తి పిడితో తట్టి విన్నాడు. "ఇది మనదైనా మేకు పట్టదు. లోపల బోలు." తర్వాత తలెత్తి స్లాబు చూశాడు. "గోడ లేకుంటే ఏమి? గనిలో మాకు గోడలు కట్టిచ్చిందెవరు? నేలకీ పైరాయికీ నడుమ కొయ్య నిలబెడతా ఉంటిమి."

కమోడ్ పక్కన నేల నుంచి స్లాబు దాకా ఇనుప గొట్టం నిలబెట్టి, రెండు చివరలా ప్లేట్లు వేసి బోల్టులతో బిగించాడు. భుజంతో గుద్దాడు, మళ్ళీ బిగించాడు, చివరికి తనే దాన్ని పట్టుకుని వేలాడాడు. మా గోడకు అచ్చులున్న ఎత్తులోనే స్టీలు కడ్డీ వేశాడు. తలుపు బయటికి తెరుచుకునేలా కీళ్ళు మార్చాడు. నున్నటి టైల్స్ తీసి గరుకువి పరిచాడు, కూర్చుని పోసుకోవడానికి స్టూలు పెట్టాడు. కమోడ్, కొళాయి, తూము ఎక్కడివక్కడే ఉన్నాయి.

పనివాణ్ణి ముఖం మీద పొగిడే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ రోజు నేను లేచి నిలబడి అతనికి నమస్కారం చేశాను.

ఏడాదిన్నర అయింది. ఎడమకాలు ఇంకా ఈడుస్తాను. స్నానం మాత్రం నేనే చేసుకుంటాను. మొదట్లో సరస్వతి తలుపు బయట కూర్చుని, "ఉండారా?" అని నిమిషానికోసారి పిలిచేది. మొన్న నేను తల తుడుచుకుంటూ వచ్చి పిలిస్తే ఆమె పలకలేదు. నేను లోపల ఉండగానే కూరగాయలకు వెళ్ళింది. నాకు నయమైందని అప్పుడనిపించింది.

ఇంట్లో ఇలాంటి రోగి ఉన్నవారికి ఒక్కటే చెబుతాను. కడ్డీ ఎక్కడ బిగించాలో అతన్ని అడగకండి. అరచేతులకు రంగు పూసి, తడి లేని బాత్‌రూంలో, వెనక మనిషిని పెట్టి నడిపించండి. లోపలికి పోయేటప్పుడే కాదు, బయటికి వచ్చేటప్పుడూ చూడండి. నాలాంటివాళ్ళు నోటితో నిజం చెప్పరు.