గోడ వైపు తిరిగిన బొమ్మలు

శనివారం సాయంత్రం అయిందంటే చాలు, జయానందం ఇంట్లో బొమ్మలన్నీ గోడ వైపు తిరిగి నిలబడేవి. మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు, ఒంటెతో సహా ముగ్గురు జ్ఞానులు, అందరికీ అదే శిక్ష. కూతురు ఫేబ ల్యాప్‌టాప్ తెరిచి ఆన్‌లైన్ క్లాసుకు కూర్చోబోయే ముందు ఆయన లేచి ఒక్కో బొమ్మనూ పట్టుకుని తిప్పేవాడు. తర్వాత కెమెరా కన్ను మీద దవాఖానలో గాయానికి వేసే తెల్ల పట్టీ ముక్క అంటించేవాడు. అప్పుడు గానీ ఆయన మనసు కుదుటపడేది కాదు.

"డాడీ, నీ ఒంటెను ఎత్కపోనీకి ఆడ ఎవలూ కూసోలేరు," అని నవ్వేది ఫేబ.

"నవ్వు నవ్వు. ఊకెనే ఎవడన్న పని నేర్పుతడా బిడ్డా? జర సోంచాయించు. ఇంకో మాట, రికార్డింగ్ బంద్ చేయమని చెప్పు గా సారుకు."

మరి ఆయన అనుభవం అలాంటిది! పడుచు వయసులో పటాన్‌చెరులో ఒక బొమ్మల మేస్త్రి దగ్గర పనికి కుదిరాడు. ఆ మహానుభావుడు బొమ్మలు పోసే తెల్లపిండి, పీఓపీ, కలిపే వేళకు పనివాళ్లందర్నీ చాయ్ తాగి రమ్మని తరిమి, తలుపు గడియ పెట్టుకునేవాడు. జయానందం తలుపు సందులో కన్ను పెట్టి నేర్చుకున్నాడు. ఆ దొంగచాటు విద్యతోనే మెదక్ వచ్చి, చర్చికి పోయే దారిలో రేకుల షెడ్డు వేసుకుని, క్రిస్మస్‌కు పశువుల పాకలో పెట్టే బొమ్మలు పోసి, ఎల్దుర్తి మొదలు అల్లాదుర్గ్ దాకా ఊరూరి చర్చిలకూ ఇచ్చాడు. పని అంటే దాచుకునేది అని ఒంటబట్టిన మనిషికి, తలుపులు బార్లా తీసి రమ్మనే గురువు ఎదురైతే అనుమానం రాదూ?

ఆయన బొమ్మలన్నిటిలో దేవదూతది వేరే లెక్క. నవ్వొస్తుంటే ఆపుకున్నట్టు ఉబ్బిన బుగ్గలు దానివి. ఆ ముఖం చూసే జనం సెట్టు మొత్తం కొనేవారు. అచ్చులో ఆ బుగ్గల దగ్గర బాగా లోతు. కొబ్బరి పీచు కలిపిన పీఓపీ ముద్దను అంత లోతుకు వత్తాలంటే జయానందం లావుపాటి వేళ్లు దూరేవి కావు. ఆ పని ఆయన భార్య లిడియాది. ఆమె వత్తేది, ఈయన రంగులు వేసేవాడు, పేరు మాత్రం ఈయనకే వచ్చేది!

ఒక వానాకాలం లిడియా జ్వరమొచ్చి దవాఖానలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. ఆ ఏటి క్రిస్మస్‌కు జయానందం పుల్లతో వత్తబోయాడు. పోసిన దేవదూతకల్లా బుగ్గలు సొట్టపోయాయి. కోపమొచ్చి మొండిగా పొడిచేసరికి అచ్చే పగిలింది. మంచివన్నీ ఎప్పుడో అమ్ముడై ఊళ్ల పాలయ్యాయి. మన కోసం ఒకటి ఉంచుకుందామన్న బుద్ధి ఇద్దరికీ పుట్టలేదు. ఇంట్లో మిగిలింది సొట్టబుగ్గల దేవదూత ఒక్కటి, ఫోన్లో నాలుగు మసక ఫొటోలు.

అమ్మ చేతి దేవదూతను మళ్లీ చేస్తానని పంతం పట్టింది ఫేబ. సినిమాలకు రాక్షసుల్నీ వీడియో గేములకు యోధుల్నీ చేసి ఏళ్ల తరబడి చేయి తిరిగిన కళాకారులు కొందరు, తాము ఎంచుకున్న పిల్లలకు కంప్యూటర్లో శిల్పం చేయడం ఉచితంగా నేర్పుతున్నారు. ఆ క్లాసులో సీటు సంపాదించింది. తెర మీద మట్టిముద్ద లాంటిది ఉంటుంది. చేతిలోని పెన్నుతో దాన్ని లాగాలి, నొక్కాలి, నునుపు చేయాలి. బొమ్మ కుదిరితే త్రీడీ ప్రింటింగ్ మెషీన్‌లో అచ్చంగా అలాగే తీయించుకుని, దాని మీద కొత్త అచ్చు పోసుకోవచ్చు. పుణెలో ఉండే ఒకావిడ బట్టల ముడతలు చెప్పేది. ముఖాలు చెప్పేది హైదరాబాద్ కృష్ణమోహన్.

జయానందానికి ఈ కృష్ణమోహన్ అంటేనే ఒళ్లు మంట. ఆయన తన ముఖం చూపించడు. తెర మీద పని కనిపిస్తుంది, వెనక నుంచి గొంతు వినిపిస్తుంది, అంతే.

"చుట్టు తిప్పమ్మా ఫేబా. ముందటికెల్లి ఒక్కటే చూస్తే మోసపోతం. ఎనుక చూపెట్టు, కిందికెల్లి చూపెట్టు. ఇంట్ల ఉన్న బొమ్మను గూడ అన్ని దిక్కులకెల్లి ఫొటో తీసి పంపు."

అన్ని దిక్కులా ఎందుకంట? జయానందం తలుపు పక్కన నిలబడి పళ్లు నూరుకున్నాడు.

"బుగ్గ మీద పైకెల్లి మట్టి అతకకు," అన్నాడు కృష్ణమోహన్ మరోసారి. "లోపటికెల్లి ఎవలో నూకినట్టు రావాలె."

"లోపట ఏముంటది, గాలి! గాలి నూకుతదా బుగ్గను?" అని జయానందం గొణిగాడు. ఫేబ ఎన్నిసార్లు చెరిపి చేసినా బుగ్గ మాత్రం కుదరలేదు. తెలిసిన కిటుకు దాచిపెట్టి పిల్లను తిప్పుతున్నాడని ఆయన తేల్చేశాడు. మేస్త్రులందరిదీ ఒకటే జాతి!

డిసెంబర్ మొదట్లో రంగుల కోసం రామాయంపేట పోయాడు. బస్టాండు దగ్గర బాలమణి అనే ఆమె దుకాణంలో నక్షత్రాలు, బెలూన్లు వేలాడుతున్నాయి. వాటి కింద, బల్ల మీద, దేవదూత! అవే బుగ్గలు, అదే ఆపుకున్న నవ్వు. రెక్కలకు తళతళలాడే బంగారు రంగు. జయానందం జన్మలో బంగారు రంగు వాడలేదు.

"గిది యాడిదక్కా?"

"హైదరాబాద్ మాల్ అన్నా. కొత్త మాల్, మొన్ననే దిగింది," అంది బాలమణి తడుముకోకుండా.

ఇంకేం కావాలి? పిల్లకు సొట్టది అంటగట్టి, మంచిది చేసుకుని అమ్ముకుంటున్నాడన్నమాట! బొమ్మను కొని, పేపర్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాడు. మెదక్ చేరేదాకా ఆయన చెవులు వేడెక్కే ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి క్లాసు నడుస్తోంది.

"బంద్ పెట్టు. ఇయ్యాల్టితోని ఖతం. ఇంకోసారి ఆ డబ్బా తెరిస్తే నా మీద ఒట్టే."

ఫేబ చేతిలో పెన్ను కింద పెట్టలేదు. "ఇంకొక్క బుగ్గనే డాడీ. గది ఒక్కటి కుదిరితే అమ్మ దేవదూత వస్తది."

"వచ్చింది బిడ్డా. రామాయంపేటల బల్ల మీద కూసుంది!"

పట్టీ ముక్క పీకి పారేసి, బొమ్మను కెమెరా ముందు ఆడించాడు. "సారూ, ముఖం దాచుకునుడు గాదు, జవాబు చెప్పుండ్రి. నా ఇంటి బొమ్మను కాజేసి దుకాణం పెట్టిండ్రా లేదా?"

తెర మీద ఒక మనిషి కనిపించాడు. మఫ్లర్ చుట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, జలుబుతో ముక్కు ఎర్రబడ్డ మామూలు మనిషి. ఇంత చప్పగా ఉంటాడని జయానందం అనుకోలేదు.

"అన్నా, నేను తీయలేదంటే మీరు నమ్మరు. నా మాట వద్దు," అన్నాడు కృష్ణమోహన్. "పైన రంగు ఎవలన్న వేస్తరు. చేసినోళ్ల చెయ్యి లోపట దొరుకుతది. అడుగు తిప్పి, లైట్ కొట్టి మీరే చూడుండ్రి."

ఇందులో ఏం మెలిక ఉందోనని జయానందం ఓ క్షణం ఆగాడు. అయినా చూడక తప్పుతుందా? ఫోన్ టార్చి వేసి, బొమ్మను తలకిందులు చేసి, ఒక కన్ను మూసి అడుగున ఉన్న డొల్లలోంచి లోపలికి చూశాడు.

లోపల కొబ్బరి పీచు. ముఖం వెనకాల, రెండు బుగ్గల గుంతల్లోనూ, సన్నటి బొటనవేలి గుర్తులు. చర్మం మీది గీతలతో సహా పడ్డాయి. ఎడమ బుగ్గలో గుర్తు కాస్త పక్కకు వాలి ఉంది. అటు వైపు వత్తేటప్పుడు మోచేయి గోడకు తగులుతోందని లిడియా రోజూ సణిగేది. బల్ల జరుపుతానని రోజూ అనేవాడు, ఏనాడూ జరపలేదు.

ఏదో ఊరి చర్చివాళ్లు కొత్త సెట్టు కొనుక్కుని పాతది తీసేసి ఉంటారు. బాలమణి దాన్ని తెచ్చి, బంగారు రంగు పూసి, కొత్త మాల్ అని అక్కడికక్కడే కోతలు కోసింది. ఇదంతా ఆయనకు తర్వాతెప్పుడో తట్టింది. అప్పటికి మాత్రం బొమ్మను ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

"ఏమైంది డాడీ? ఏముంది లోపట?"

"మీ అమ్మ," అన్నాడు జయానందం.

ఫేబ బొమ్మను అందుకుని లోపలికి చూసింది. నోటికి అడ్డంగా చేయి పెట్టుకుంది.

తండ్రీకూతుళ్ల అవస్థ చూసి కృష్ణమోహన్‌కు ఏం చేయాలో తోచలేదు. "నేను రికార్డింగ్ బంద్ చేస్తున్న అన్నా," అన్నాడు మెల్లగా. "మీరు నిమ్మళంగ ఉండుండ్రి. క్లాసు మళ్ల చూసుకుందాం."

"వద్దు సారూ!" జయానందం గబుక్కున లేచాడు. "బంద్ చేయకుండ్రి. జర దగ్గరికి పెడుత, మంచిగ వచ్చేటట్టు రికార్డు చేయుండ్రి."

బొమ్మ అడుగును కెమెరాకు ఆనించి, లోపలికి టార్చి పట్టుకున్నాడు.