చెయ్యి తగిలిందేమో

ఒక మనిషి చెయ్యని తప్పును ఆ మనిషే చేసిందని నమ్మించాను. ఊరినీ ఆఫీసునీ నమ్మించడం సంగతి అలా ఉంచండి, ఆ మనిషినే నమ్మించాను. ఇరవయ్యేళ్ళు దాటింది. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. రిటైరైన రోజున దండ వేసి, ఇంత నిజాయితీపరుణ్ణి చూడలేదని మైకులో చెబుతుంటే తల వంచుకుని కూర్చున్నాను. అందరూ దాన్ని వినయం అనుకున్నారు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నా పేరు చెప్పను. చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. మా తాత పేరే నాకు పెట్టారు, మా పెదనాన్న కొడుక్కీ అదే పెట్టారు. మా గోదావరి జిల్లాల్లో ఇది మామూలే. ఒక తాత, ఆయనకు నలుగురు కొడుకులు, ఇంటికో మనవడు ఆ తాత పేరుతో. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే. అందుకని ఇంట్లో పిలుచుకోవడానికి పెద్దబాబు, చిన్నబాబు అని వేరే పేర్లుంటాయి. నేను చిన్నబాబుని. నా మొదటి ఇంటర్వ్యూ కార్డును పోస్టుమాన్ మా అన్నయ్య చేతిలో పెట్టి వెళ్ళిపోతే, ఆయన అది తనదే అనుకుని చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఇంటిల్లిపాదీ ఎన్నాళ్ళో చెప్పుకుని నవ్వుకున్నాం. ఈ సంగతి ముందుగానే ఎందుకు చెబుతున్నానంటే, ఇంకెవరికీ తట్టకపోయినా నాకు తట్టి ఉండాల్సింది.

రాజమండ్రిలో కరెంటాఫీసులో పనిచేసేవాణ్ణి. సీనియర్ డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అని గది తలుపు మీద బోర్డు ఉండేది. ఆ మాట ఎవరికీ నోరు తిరగక కంప్యూటర్ గారు అనేవారు. బయటికి విసుక్కున్నా లోపల నాకు అది బాగానే ఉండేది. మా పరిధిలో ఏ ఇంటి గోడకు మీటరు ఉన్నా, ఏ చేలో మోటారు ఉన్నా, అది ఎవరిది, ఏ ఊరు అన్న వివరమంతా నా గదిలోని సర్వర్‌లో ఉండేది. అందులో ఉంటేనే ఆ కనెక్షన్ ఉన్నట్టు. అందులో లేకపోతే, గోడ మీద మీటరు గిర్రున తిరుగుతున్నా సరే, ఆఫీసు లెక్కలో అది దొంగ కనెక్షన్.

కౌంటరు పక్కన నాగమణి అనే ఆపరేటరు ఉండేది. కాంట్రాక్టు ఉద్యోగం. రామచంద్రపురం అవతల పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. నాగమణి ఆమె అసలు పేరు కాదు, నేను మార్చాను. కానీ ఆమె కుర్చీలోని దిండు సంగతి మాత్రం మార్చను. ఆ కుర్చీ చట్రం గుచ్చుకుంటోందని స్టోర్సు వాళ్ళను అడిగి అడిగి విసిగిపోయి, ఇంటి దగ్గర బూరుగుదూదితో దిండు కుట్టుకుని తెచ్చుకుంది. దానికి పసుపుపచ్చ పువ్వుల గలీబు. ఆమె కీబోర్డు వంక చూసేది కాదు. కళ్ళు కాగితం మీద ఉండేవి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయేవి. "మా ఊళ్ళో కంప్యూటరొచ్చిన ఆడమనిషిని నేనేనండి" అని నవ్వుతూ చెప్పుకునేది. ఆ చెప్పుకోవడంలో గర్వం ఉండేది. ఉండదగ్గ గర్వమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో పాత కంప్యూటర్లలోని వివరాలన్నీ కొత్త సర్వర్‌లోకి ఎక్కించాం. ఎక్కించడంలో ఒకే కనెక్షన్ రెండేసిసార్లు వచ్చి చేరింది. పాత నంబర్లూ కొత్త నంబర్లూ కలగాపులగమై, నంబరును బట్టి తేల్చే వీలు లేకపోయింది. రెండుసార్లు ఉన్నవాటిని వెంటనే తీసేయమని పైనుంచి రోజూ ఫోన్లు. నేను ఒక ఉపాయం ఆలోచించాను. పేరు, ఇంటిపేరు, ఊరు, కనెక్షన్ రకం, ఈ నాలుగూ ఒకటే అయితే అది ఒకే మనిషి. ఒకటి ఉంచి రెండోది తీసేయడమే. తండ్రి పేరు కూడా కలిపి చూడొచ్చు కానీ, పాత వివరాల్లో ఆ గడి చాలామందికి ఖాళీగా ఉంది. దాన్ని వదిలేశాను.

ఇద్దరు మనవలకు ఒకే తాత పేరున్న ఇంట్లో పుట్టిన నేను వదిలేశాను. ఆ క్షణంలో మా అన్నయ్య నాకెందుకు గుర్తు రాలేదు? ఇంట్లో ఉన్నప్పుడు చిన్నబాబుని, ఆఫీసులో కంప్యూటర్ గారిని. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదంతే. ఇంతకన్నా మంచి సమాధానం ఇన్నేళ్ళలో నాకు దొరకలేదు.

ఆ రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. కరెంటాఫీసులో కూడా పోతుంది, నవ్వకండి. నా బల్ల మీది కంప్యూటరుకున్న యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది. సర్వరూ, కౌంటరు వైపు కంప్యూటర్లూ మాత్రం వేరే యూపీఎస్ మీద పనిచేస్తున్నాయి. అప్పటికే నాగమణి క్యారేజీ పట్టుకుని వెనక వరండాలోకి అన్నానికి వెళ్ళింది. ఆమె లాగిన్ తెరిచే ఉంది. మామూలుగా ఆపరేటర్లకు వివరాలు ఎక్కించే అధికారమే ఉండాలి, తీసేసే అధికారం ఉండకూడదు. కానీ ప్రతి చిన్నదానికీ నన్ను పిలుస్తున్నారని చిరాకుపడి, అన్ని అధికారాలూ అందరికీ నేనే ఇచ్చేశాను. ఆ పువ్వుల దిండు మీద కూర్చుని, రాసి పెట్టుకున్న కమాండ్ టైపు చేశాను. ఎన్ని పోతాయో ముందు చూపించింది. నేను అనుకున్నన్నే ఉన్నాయి. ఎంత బాగా అంచనా వేశాను అనుకున్నాను కూడా. ఖాయం చేసేశాను.

నాగమణి చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి లేచి నిలబడ్డాను. ఏమైనా పనుందా అని అడిగింది. అయిపోయిందన్నాను.

కొన్ని వారాలు ఏమీ జరగలేదు. ఈలోగా పాత బ్యాకప్ టేపుల మీద కొత్తవి ఎక్కిపోయాయి, తీసేసినవి తిరిగి తెచ్చుకునే దారి లేకుండా పోయింది. అది మా మామూలు పద్ధతే. ఆ తరవాత, దొంగ కనెక్షన్లు పట్టుకునే స్క్వాడ్ వాళ్ళు ఒక పల్లెలో సూర్రావు అనే రైతు ఇంటికి వెళ్ళి, ఈ మీటరు రికార్డులో లేదని కరెంటు తీగ కోసేశారు. ఆ రోజు ఆ ఇంట్లో అమ్మాయి నిశ్చితార్థం. మగపెళ్ళివారు పందిట్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందే కరెంటు దొంగ అన్నారట. ఆ సంబంధం ఏమైందో నేను కనుక్కోలేదు. కనుక్కోవడానికి ధైర్యం చాల్లేదు.

మర్నాడు సూర్రావు ఆఫీసుకు వచ్చాడు. వెంట తన పినతండ్రి కొడుకును తీసుకొచ్చాడు. మా ఆఫీసు పెద్ద డివిజనల్ ఇంజనీరు, అందరం డి.ఈ. గారు అనేవాళ్ళం. ఆయన బల్ల ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. "ఈడూ సూర్రావేనండి, నేనూ సూర్రావునేనండి. మా తాతా సూర్రావే. మీ మిషన్లో ఒక్కడే ఉన్నాడంట. ఇప్పుడు మాలో ఎవడు దొంగో మీరే చెప్పండి" అన్నాడు. నేను డి.ఈ. గారి పక్కనే ఉన్నాను. ఆ మాట పూర్తికాకముందే నాకు అంతా తెలిసిపోయింది.

అలాంటివి ఇంకా బయటపడ్డాయి. పేపరు జిల్లా పేజీలో పడింది. బాధ్యులెవరో తేల్చమన్నారు. డి.ఈ. గారు నన్ను పిలిచి, ఇది ఎవరి లాగిన్ నుంచి జరిగిందని అడిగారు. నాగమణి లాగిన్ నుంచి అన్నాను. అంత అధికారం ఆ అమ్మాయికి ఎందుకుందని అడిగారు. పని తొందరలో ఆపరేటర్లందరికీ ఇచ్చామన్నాను. "సర్లెండి, కాంట్రాక్టు మనిషేగా" అని ఆయన పెన్ను మూత తీశారు.

నేను చెప్పిన రెండు మాటలూ నిజమే. ఎన్నో ఏళ్ళు దీన్ని పట్టుకుని వేలాడాను. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, అడగనిది చెప్పలేదు, అంతే కదా అని. కానీ ఆయన పెన్ను మూత తీసి, కాగితం దగ్గరకు లాక్కుని, రాయడం మొదలుపెట్టేలోగా మూడో మాట చెప్పడానికి బోలెడంత సమయం ఉంది. నోరు తెరిస్తే నాకేమయ్యేది? మెమో ఇచ్చేవారు, ఇంక్రిమెంటు ఆపేవారు, మహా అయితే ఎక్కడికో బదిలీ చేసేవారు. పర్మనెంటు ఉద్యోగిని ఇంకేమీ చెయ్యలేరు. ఆమెకేమవుతుందో కూడా ఆ నిమిషంలో నాకు తెలుసు. అయినా ఆగిపోయాను. ఉద్యోగం పోతుందన్న భయమైతే కొంచెం గౌరవంగా ఉండేది. అది కూడా కాదు. కంప్యూటర్ గారు ఇద్దరు సూర్రావులను ఒకణ్ణి చేశాడని క్యాంటీన్లో నవ్వుకుంటారేమోనని. అంతే.

అయినా నేను మోస్తున్నది ఆ గదిలో జరిగింది కాదు. ఆ సాయంత్రం నా గదిలో జరిగింది.

నాగమణి తలుపు దగ్గర నిలబడింది. ఏడవడం లేదు.

"నేను చెయ్యలేదండి సార్. నాకంత రాదు కూడానండి."

నేను బల్ల మీది కాగితాలు సర్దాను.

"నా పేరే వచ్చిందంటున్నారండి అందరూ. నిజంగానే నా పేరొచ్చిందాండీ?"

"వచ్చిందమ్మా."

ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది.

"అయితే పొరపాటున నా చెయ్యి తగిలిందేమోనండి?"

"ఒక్కోసారి తగులుతుందమ్మా" అన్నాను.

తగలదు. ఈ విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. నేను టైపు చేసిన కమాండ్ ఒక పేరా అంత ఉంటుంది. చెయ్యి తగిలితే ఒక అక్షరం పడుతుంది, రెండు పడతాయి. పేరా పడదు. పడదని ఆ భవనంలో ఖాయంగా చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఆమె నన్ను అడగడానికి వచ్చింది. ఆమె నన్ను అనుమానించి వచ్చి ఉంటే బహుశా తట్టుకోలేక ఒప్పేసుకునేవాణ్ణి. ఆమె నన్ను నమ్మి వచ్చింది. ఆ నమ్మకాన్ని వాడుకుని, ఆమె మీద ఆమెకున్న నమ్మకాన్ని తీసేశాను. ఉద్యోగం తీసేసింది ఆఫీసు. ఇది తీసేసింది నేను.

ఆమె క్యారేజీ సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. దిండు మరిచిపోయింది. తరవాత వచ్చిన అబ్బాయి దాని మీదే కూర్చునేవాడు. పోయిన కనెక్షన్లన్నీ ఊరూరా కనుక్కుని నేనే తిరిగి ఎక్కించాను. చాలా ఓపిగ్గా చేశానని మెచ్చుకున్నారు. తరవాత ప్రమోషన్ వచ్చింది. ఆ కౌంటరు ముందు నుంచి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా ఫోను చూసుకుంటూ వెళ్ళేవాణ్ణి.

చాలా ఏళ్ళ తరవాత, మా ఆవిడతో కలిసి బంధువుల పెళ్ళికి రామచంద్రపురం వెళ్ళాం. పెట్టుబడి చీర కొనాలని బజారులో ఒక బట్టల కొట్టులోకి వెళ్ళాం. బల్ల మీద కంప్యూటర్ ఉంది, దాని ముందు కుర్చీ ఖాళీగా ఉంది. పక్కన స్టూలు మీద కూర్చుని ఒకావిడ బిల్లు చేత్తో రాస్తోంది. కొట్టు యజమాని నవ్వుతూ, "కొంచెం ఆగాలండి. మా కుర్రోడు టీకెళ్ళాడు. ఈవిడ చస్తే కంప్యూటర్ ముట్టుకోదండి, చేత్తోనే రాస్తుంది" అన్నాడు. ఆవిడ తలెత్తింది. జుట్టు కొంచెం నెరిసింది. నన్ను చూసి గభాలున లేచి నిలబడింది.

"బాగున్నారాండి సార్?" అంది. తరవాత గొంతు తగ్గించి, "ఆ రోజుల్లో నా మూలంగా మీక్కూడా మాటొచ్చిందండి. ఎప్పుడైనా కనబడితే అడుగుదామనుకున్నానండి. ఏమీ అనుకోకండి, క్షమించండి" అంది.

మా ఆవిడ చీర మడతలు చూస్తోంది. యజమాని సంచీ తీస్తున్నాడు. అడ్డుపడేవాళ్ళెవరూ లేరు.

"పర్లేదమ్మా, అయిపోయిందిగా" అన్నాను.

నేను ఆమెను క్షమించాను. ఈ వాక్యం రాసి పక్కకు పెట్టి, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. ఆమె నా దగ్గరకు వచ్చి క్షమాపణ అడిగితే, పెద్దమనిషిలా ఇచ్చేశాను. ఆమె మొహం తేటపడింది కూడా. ఆటో ఎక్కాక మా ఆవిడ, ఎవరావిడ, పాపం మర్యాదస్థురాలిలా ఉంది అంది. పాత ఆఫీసు మనిషి అన్నాను.

వెనక్కి వెళ్ళొచ్చు కదా అంటారు మీరు. వెళ్ళొచ్చు. రామచంద్రపురం ఎంత దూరమని. ఒకసారి బస్సెక్కి, మధ్యలో దిగిపోయి, అవతలి వైపు బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. ఇలా రాయడం వెళ్ళడం కాదని నాకు తెలుసు. రాశాక కొంచెం తేలిగ్గా ఉందని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ ఉంది. ఆ తేలిక నాకు రావలసింది కాదు, ఆమెకు రావలసింది. ఇది ఆమె కంట పడుతుందో లేదో. పడితే ఆ పసుపుపచ్చ పువ్వుల దిండును బట్టి తన సంగతేనని గుర్తుపడుతుంది. అందుకే దాన్ని మార్చలేదు.

నాగమణి గారూ, ఆ మధ్యాహ్నం మీరు వెనక వరండాలో అన్నం తింటున్నారు. మీ కుర్చీలో నేను కూర్చున్నాను. మీ చెయ్యి తగల్లేదు.