డ్రమ్ము నడిమిట్ల కాగితం

లాల్‌దర్వాజా దగ్గర ఒక చిన్న ప్రసూతి దవాఖానల నేను నర్సుని. ఆపరేషన్ బట్టలను ఆవిరిల ఉడికించే గది నా చేతిలనే ఉండె. ఒక ఏడాది ఆపరేషనైన ఆడోళ్లకు వరుసగ కుట్లకు చీము వట్టింది. ఆపరేషన్ థియేటర్ మూసేసిన్రు. కాన్పు కష్టమైతే మా గల్లీల ఆడోళ్లు మూసీ దాటి పెద్ద దవాఖానకు ఉరకాల్సి వచ్చింది. నాకైతే కడుపు మండిపోయింది.

నాతోని పనిచేసే ఆయమ్మది గౌలిపుర. నాకంటే పెద్దది, అక్కా అనేదాన్ని. ఇనుప డ్రమ్ముల బట్టలు సర్దుడంటే ఆమె తర్వాతనే ఎవరైనా. మోకాలు వెట్టి అదిమి, ఇంకో దుప్పటి గూడ పట్టించేది. డాక్టరమ్మలు గూడ మెచ్చుకునేటోళ్లు. అప్పుడు కాన్పుకు పుట్టింటికొచ్చిన ఆమె బిడ్డకు నెలలు నిండుతున్నయి, ఆపరేషనే చెయ్యాలన్నరు. "ఏడ చేర్పిస్తవక్కా?" అంటే మాట దాటేసేది.

ల్యాబువాళ్లు పరీక్షకు కాగితం ముక్కలు ఇచ్చిన్రు. వాటిల మొండి క్రిములుంటయి. డ్రమ్ము నడిమిట్ల పెట్టి ఉడికించి తిరిగి పంపాలె. అవి సచ్చినయంటేనే థియేటర్ తెరుస్తరు. డ్రమ్ము బయటికి తీసేసరికి పైన అతికించిన, ఆవిరి తగిలితే నల్లబడే టేపు మీద నల్లగీతలు మంచిగ తేలినయి. "సూడు సిస్టరమ్మా, ఫస్ట్ క్లాస్!" అన్నది అక్క. నేను గూడ మురిసిపోయిన.

కాగితం పంపిన వారానికి ల్యాబు నుంచి కబురొచ్చింది. క్రిములు బతికే ఉన్నయట.

"టేపు నల్లగయింది గద! మల్ల ఏంది లొల్లి?" అని అక్క నా మీదికొచ్చింది. నాకూ మస్తు కోపమొచ్చింది.

"టేపుకు తగిలింది బయటి ఆవిరక్కా. నువ్వు గట్ల కుక్కితే లోపలికి ఏడికెళ్లి వోతది? ఇప్పుడు సర్దిన డ్రమ్ముల చెయ్యి వెట్టి సూడు!"

చెయ్యి కాదు, వేలు గూడ దూరలే. పాపం, ఆమె మొఖం చిన్నబోయింది.

తెల్లారి నుంచి వదులుగ సర్దినం. డ్రమ్ముకు సగం బట్టలే పట్టినయి, పని రెండింతలయింది. అక్క సణుక్కుంటనే చేసింది. మల్ల కాగితం పెట్టి పంపినం. కబురొచ్చేదాక నాకు అన్నం సయించలే. ఈసారి ల్యాబుల కాగితం వేసిన సీసా నీళ్లు మసకబారకుండ తేటగనే ఉన్నయట, ఒక్క క్రిమి గూడ బతకలే. థియేటర్ తెరిచిన్రు. నేను ఆ పొద్దు తల ఎత్తుకొని నడిచిన. దాచుడెందుకు, ఇప్పటికీ తలుసుకుంటే ఛాతీ ఉబ్బుతది.

సాయంత్రం అక్క వచ్చి గుమ్మంల నిలవడ్డది. "మూసీ అవుతల దవాఖానల నా బిడ్డ పేరు రాయించిన సిస్టరమ్మా. ఇయ్యాల పోయి తీసేయించుకొచ్చిన. ఈడనే చేర్పిస్తా," అన్నది.

బిడ్డ ఆపరేషన్ డ్రమ్ము ఆమెనే సర్దింది. మూత వెయ్యకముందు నా చెయ్యి వట్టి బట్టల నడిమిట్ల దాక తోసింది. సులువుగ దూరింది.