మా నాన్న పొడవాటి లెన్స్

నా చిన్నప్పుడు మా వీధి నుంచి కువైట్‌కు పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉండేవారు గానీ, ఊరికే చూసి రావడానికి దేశం దాటిన మనిషి మాత్రం మా నాన్నే మొదట. మదనపల్లెలో మాకు రంగుల అంగడి ఉండేది. డబ్బాలు బాగా అమ్మినవాళ్లను రంగుల కంపెనీవాళ్లు తమ ఖర్చుతో సింగపూర్ తీసుకెళ్తామన్నారు. ఆ కబురు తెలిసిన రోజు నుంచి మా నాన్న కాళ్లు నేల మీద ఆనలేదు. సున్నం కొనడానికి వచ్చినవాడిని కూడా కూర్చోబెట్టి, సింగపూర్‌లో వానలు ఎప్పుడు పడతాయో చెప్పి పంపేవాడు. ఇది తొంభైల చివరి మాట.

అంతకు ముందు ఏడాది కుప్పంలో ఇంకొక రంగుల అంగడాయన ఇలాగే బ్యాంకాక్ వెళ్లి వచ్చాడు. ఆయన తెచ్చిన ఫోటోల్లో పెద్ద పెద్ద మేడలు ఉన్నాయి, వాటి కింద అగ్గిపుల్లంత మనిషి ఉన్నాడు. ఆ అగ్గిపుల్ల ఆయనేనని ఆయన చెబితే తప్ప తెలియదు. మా నాన్న ఆ ఫోటోలు చూసి వచ్చి వారం పాటు నవ్వాడు. తాను వెళ్తే మాత్రం ముక్కూ మొహం తెలిసేలా ఫోటోలు తేవాలని అప్పుడే తీర్మానించుకున్నాడు. అందుకు మంచి కెమెరా కావాలి, మంచి లెన్స్ కావాలి. ఆయన అంతవరకూ కెమెరా ముందు నిలబడ్డాడే గానీ, వెనక నిలబడింది లేదు.

మా అమ్మకు అన్న ఒకాయన పుంగనూరులో ఫోటో స్టూడియో నడిపేవాడు. పెళ్లిళ్లకు వెళ్లీ వెళ్లీ భుజం ఒక పక్కకు వంగిపోయిన మనిషి. ఒక ఆదివారం నాన్న నన్ను వెంటబెట్టుకుని బస్సులో అక్కడికి వెళ్లాడు. మామ తన దగ్గరున్న పాత కెమెరా ఒకటి తీసి, దానికి తగిలించే లెన్సులు రెండు బల్ల మీద పెట్టాడు. ఒకటి పొట్టిగా గిన్నె మూతంత ఉంది. రెండోది మోచేతి పొడవున నల్లగా నిగనిగలాడుతోంది.

“బావా, కొత్తగా పట్టుకునేవానికి ఈ పొట్టిది సాలు. నీ కంటికి ఎంత కనపడ్తాదో దీంట్లోనూ అంతే కనపడ్తాది. మనిషి పెద్దగా పడల్లంటే నువ్వే దగ్గరికి పోవల్ల,” అన్నాడు మామ.

పొడవాటిది బరువనీ, చేయి వణికితే బొమ్మ చెదిరిపోతుందనీ, ఇంట్లో, నీడపట్టున అది పనికిరాదనీ కూడా చెప్పాడు. అయితే రంగులు అమ్మేవాడి లెక్క వేరు. చిన్న డబ్బా కొనేవాడు తలుపుకు పూస్తాడు, పెద్ద బకెట్ కొనేవాడు ఇల్లంతా పూస్తాడు. పెద్దది ఉండగా చిన్నది ఎవడు కొంటాడని మా నాన్న నమ్మకం. మామ ఎన్ని చెప్పినా, ఆ పొడవాటిది ఇవ్వడం ఇష్టంలేక చెబుతున్నాడనే అనుకున్నాడు. మామకు వాదించే అలవాటు లేదు. కెమెరాతోపాటు రెండు లెన్సులూ, ఒక రీలూ సంచిలో పెట్టి, “ముందు ఊర్లో తీసి సూడు. ఏది సరిపోతే అది తీసుకపో,” అన్నాడు. ఇంటికి వచ్చేసరికి పొట్టి లెన్స్ సంచి అడుగున చేరింది.

మరునాటి నుంచి నాన్న మిద్దె దిగితే ఒట్టు. లెన్స్‌ను పిట్టగోడ మీద ఆనించి, ఒక కన్ను మూసి, దూరంగా ఉన్నవన్నీ తీశాడు. నీళ్ల ట్యాంకు, కొండ, బస్టాండులోకి తిరిగే బస్సు, కరెంటు తీగ మీద కాకి. మధ్య మధ్యలో నాకూ చూపించేవాడు. ఎక్కడో ఉన్న మనుషులు చేతికి అందేంత దగ్గరికి వచ్చేవాళ్లు, వాళ్లకు మాత్రం మేము కనిపించేవాళ్లం కాదు. అది నాకు భలే సరదాగా ఉండేది.

ఒక ఉదయం ఆయన గబగబా రెండు మూడు సార్లు క్లిక్‌మనిపించి, “ఎరుపంటే ఇది పాపా! ఏ డబ్బాలోనూ రాదు ఈ ఎరుపు,” అన్నాడు. అంత మురిపెంగా ఆయన నా పరీక్ష మార్కులను కూడా ఎప్పుడూ చూడలేదు.

రీలు అయిపోయాక పుంగనూరు దాకా వెళ్లే ఓపిక లేక, బస్టాండు దగ్గరి కలర్ ల్యాబ్‌లోనే ఇచ్చాడు. కాకి, బస్సు, కొండ అన్నీ అలుక్కుపోయాయి. ఎరుపు ఫోటో ఒక్కటి మాత్రం అద్భుతంగా వచ్చింది. నాన్న దాన్ని గోడ క్యాలెండరంత పెద్దది చేయించి, చట్రం కట్టించి, అంగట్లో రంగుల పట్టిక పక్కనే తగిలించాడు. ఎర్ర రంగు కావాలని వచ్చినవాళ్లకు ముందు ఆ ఫోటో చూపించి, తర్వాత డబ్బా తీసేవాడు.

ఆ ఫోటోలో ఏముందో ఇప్పుడు చెప్పాలి. ఒక పెరడు, పరిచిన గోనెసంచి, దాని మీద టమోటాల కుప్ప, కుప్ప ముందు గొంతుక్కూర్చుని చీర మోకాళ్ల పైకి దోపుకున్న ఒక ఆడమనిషి. చంక దగ్గర చిరిగిన రవిక. పక్కన తొట్టిలో బురద నీళ్లు, చితికిపోయిన పండ్లు. ఆమె మా వెనక వీధి అక్క. భర్తకు ఒకప్పుడు సొంత లారీ ఉండేది. లారీ పోయింది, ఆయన మంచం పట్టాడు. ఆ అక్క టమోటా తొక్కు పచ్చడి పెట్టి ఇంటింటికీ తిరిగి అమ్మి ఇల్లు నడిపేది. మడత చెదరని చీర కట్టుకుని, తల దువ్వుకుని, చుట్టం చూపుగా వచ్చినట్టు వచ్చేది. టమోటాలు చౌడేపల్లె దగ్గర పుట్టింటివాళ్ల చేలోవని చెప్పేది. మా అమ్మ మూడు వేళ్లతో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, ఒక సీసా ఎక్కువే తీసుకునేది.

మదనపల్లెలో టమోటా ధర పడిపోయినప్పుడు రైతులు తెచ్చిన గంపలు తిరిగి మోసుకెళ్లలేక మార్కెట్ రోడ్డు పక్కన పారబోసి పోతారు. ఆ పండ్లలో ముప్పాతిక భాగం బంగారం లాంటివే ఉంటాయి. తెల్లవారకముందే వెళ్లి ఏరుకొచ్చేవాళ్లు ఉంటారు. ఈ ఊళ్లో పుట్టినవాడెవడికైనా ఫోటోలోని ఆ కుప్ప ఎక్కడిదో చూడగానే తెలుస్తుంది. మా నాన్న కూడా ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయనకు ఎరుపు ఒక్కటే కనబడింది.

అంగటికి వచ్చినవాళ్లు ఫోటోను చూసి ఒకరినొకరు చూసుకునేవాళ్లు. కొందరు దగ్గరికి వెళ్లి మరీ చూసేవాళ్లు. తన పనితనం చూసి మెచ్చుకుంటున్నారని నాన్న పొంగిపోయేవాడు.

ప్రయాణం దగ్గరపడింది. దూరదేశం వెళ్లేవాళ్లకు తలా ఒక పొడో, పచ్చడో తెచ్చి ఇవ్వడం మా వైపు మర్యాద. ఆ మర్యాద కొద్దీ వెనక వీధి అక్క కూడా ఒక సాయంత్రం తొక్కు సీసా పట్టుకుని అంగటికి వచ్చింది. సీసా మూతకు తెల్లటి గుడ్డ కట్టి తెచ్చింది. నేను రంగు డబ్బా మీద కూర్చుని హోంవర్కు రాసుకుంటున్నాను. ఇద్దరు ముగ్గురు బేరగాళ్లు ఉన్నారు. అక్క నవ్వుతూ లోపలికి అడుగుపెట్టింది. గోడ వైపు చూసింది.

చాలాసేపు చూసింది. బేరగాళ్లలో ఒకడు దగ్గాడు. మా నాన్న ముఖంలో అప్పుడు వచ్చిన మార్పు నేను చూశాను. ఆ ఫోటోలో మనిషి ఉందని ఆయనకు మొదటిసారి తెలిసినట్టు ఫోటోనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. అక్క అరవలేదు. చిరిగిన రవిక ఆ రోజు వేసుకోలేదు గానీ, చేయి దానంతట అదే చంక మీదికి వెళ్లింది.

“నన్ను ఒక మాట అడిగింటే మంచి సీర కట్టుకోనుంటా గదన్నా,” అంది.

సీసాను బల్ల మీద పెట్టింది. “పోయేటప్పుడు తీసకపో. ఇదీ ఆ టమోటాలదే,” అని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నాకు చెవులు వేడెక్కిపోయాయి. నేనేమీ చేయలేదు, అయినా తల ఎత్తలేకపోయాను. సిగ్గు ఇంటి పేరులాగా ఇంట్లో అందరికీ వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

నాన్న ఫోటో దించి, గోడ వైపు తిప్పి పెట్టి, వేళకు ముందే అంగడి మూశాడు. ఇంటికి వచ్చి అమ్మతో, ఆమె టమోటాలు పుట్టింటివి కావని తనకు తెలియదని మెల్లగా చెప్పాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది: “మాకు తెలీదనుకుంటివా? వీధిలో ఆడోళ్లందరికీ తెలుసు. తెలిసీ తెలీనట్ల ఉండాము. నువ్వు దాన్ని గోడకేస్తివి.”

ఆ రాత్రి నాన్న సగం తిని కంచం ముందు నుంచి లేచిపోయాడు.

తెలియనట్టు ఉండటంలో ఎంత దయ ఉందో ఆ తర్వాత కొన్ని రోజులకే అర్థమైంది. అంతవరకూ తెలిసీ కొన్నవాళ్లు ఇప్పుడు కొనడం మానేశారు. తొక్కు పాడైపోలేదు, రుచి మారలేదు. గోడ మీద అందరూ చూసినదాన్ని తిన్నామని నలుగురిలో అనిపించుకోవడం ఎవరికీ ఇష్టం లేదు, అంతే. అక్క మా వీధిలోకి రావడం మానేసింది.

ఈ సంగతి అమ్మ ద్వారా మామకు చేరింది. ఆయన పుంగనూరు నుంచి వచ్చాడు. సంచి తెప్పించి, కెమెరాకున్న పొడవాటి లెన్స్ ఊడదీసి తన సంచిలో వేసుకున్నాడు. అడుగున ఉన్న పొట్టిదాన్ని గుడ్డతో తుడిచి బిగించాడు. కెమెరా నాన్న మెడలో వేసి, “పో బావా. ఆయమ్మ ఎదురుగా పోయి నిలబడు. నిన్ను సూడనీ. మంచిగా ఒక ఫోటో తీస్తానమ్మా అని అడుగు,” అన్నాడు.

నాన్న ఎంతకీ కదలలేదు. చివరికి నా చేయి పట్టుకుని బయలుదేరాడు. తోడు కోసం తీసుకెళ్లాడో, ధైర్యం కోసమో నాకు తెలియదు. అక్క పెరట్లోనే ఉంది. ఆ రోజు కూడా టమోటాలే కడుగుతోంది. మమ్మల్ని చూసి చీర సర్దుకుని లేచి నిలబడింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నాన్న చెప్పులు వాకిట్లోనే విడిచి, పెరటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. తప్పయిపోయిందమ్మా అన్నాడు. ఆమె వింది. తర్వాత, మామ నేర్పిన మాట అందుకున్నాడు. మంచి చీర కట్టుకుంటే ఒక ఫోటో తీస్తాననీ, అంగట్లో ఆ పాతదాని స్థానంలో అదే పెడతాననీ అన్నాడు.

“వద్దన్నా,” అంది అక్క.

నాన్న కెమెరాను రొమ్ముకు ఆనించుకుని అలాగే నిలబడ్డాడు. అడిగితే చాలు, అంతా సరిపోతుందని ఆయన అనుకున్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. ఆమె మంచి చీర కట్టుకుని వస్తుందని, నవ్వుతుందని, మేము తల ఎత్తుకుని ఇంటికి వెళ్తామని.

“యాలమ్మా, ఎందుకొద్దు?” అన్నాడు నాన్న.

“యాల అని గూడా నేనే జెప్పాల్నా?” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. నాన్న తల ఊపి, లెన్స్‌కు మూత పెట్టేశాడు. చెప్పులు చేతిలో పట్టుకునే వీధి మలుపు దాకా నడిచాడు. వేసుకోవడం మరిచిపోయాడని నేను చెప్పలేకపోయాను.

కుప్పంలో మద్రాసు రైలు ఎక్కేటప్పుడు నాన్న మెడలో ఆ పొట్టి లెన్స్ కెమెరా ఉంది, సంచిలో అక్క ఇచ్చిన సీసా ఉంది. సింగపూర్ నుంచి ఆయన తెచ్చిన ఫోటోల్లో మేడలు తక్కువ. పూలు అమ్మే ముసలామె, టీ కొట్టు మనిషి, బల్ల మీద కూర్చున్న దంపతులు. అందరూ సూటిగా నాన్ననే చూస్తున్నారు, భాష రాకపోయినా ఏదో సైగ చేసి అడిగినట్టున్నాడు. తాను ముక్కూ మొహం తెలిసేలా ఉన్న ఫోటో ఒక్కటి కూడా లేదు. సీసాలో తొక్కు తిన్నాడో లేదో మేమెవ్వరం అడగలేదు. వెనక వీధి అక్క తర్వాత తొక్కును పుంగనూరు తీసుకెళ్లి అమ్ముకుందని విన్నాం. మొహం తెలియని ఊళ్లో అమ్మడానికి ఆమె రోజూ బస్సెక్కేది. మా నాన్న ఆ తర్వాత ఎప్పుడు పుంగనూరు వెళ్లినా, ఆమె కూర్చునే వీధి వదిలి వేరే దారిన తిరిగి వెళ్లేవాడు.

ఇప్పుడు నా చేతిలోనూ ఒక ఫోన్ ఉంది. వేలు కదిపితే ఎంత దూరంలో ఉన్న మనిషైనా దగ్గరికి వచ్చేస్తాడు. మా పిల్లలు రోడ్డు మీద వాళ్లను, బస్సులో నిద్రపోయేవాళ్లను, ఎవరిని పడితే వాళ్లను తీసి నాకు చూపించి నవ్వుతారు. నాకు చెవులు మళ్లీ వేడెక్కుతాయి. నేను మాత్రం ఎవరినైనా తీయాలనిపిస్తే ముందు ఎదురుగా వెళ్లి నిలబడతాను. అడుగుతాను. సరేనంటే తీస్తాను. వద్దంటే ఫోన్ లోపల పెట్టుకుని వచ్చేస్తాను. ఎందుకని మాత్రం అడగను.