మూత దగ్గరి జిగురు

పద్నాలుగేళ్లుగా ఆవిడకు ఒకటే పని: పరాయి గ్రహపు మట్టిని వాసన చూసే పెట్టె తయారుచేయడం. ఫోన్లో మాట్లాడుతున్నా వేళ్లు గాలిలో మరలు బిగిస్తూనే ఉంటాయి. నుదుటి మీద కళ్లజోడు పెట్టుకుని దానికోసమే గదంతా గాలిస్తుంది. ఆ ఉదయం గ్రహం నుంచి తొలి ఫలితాలు అందగానే శిష్యురాలు రొప్పుతూ వచ్చింది.

"మేడమ్, జీవం ఆనవాలు! కింద అందరూ గంతులేస్తున్నారు, కేకు కూడా తెప్పించారు."

తెర మీద నిక్కిన గీతను ఆవిడ చాలాసేపు చూసింది. బాగా ఎరిగిన గీతే. పెట్టెను పంపే ముందురోజు, వదులుగా ఉన్న మూతకు, కూడదని తెలిసీ చుక్క జిగురు అద్దింది తానే. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

"మన జిగురమ్మా అది. మూతకు నేనే అద్దాను. పెట్టె తన వాసన తానే చూసుకుంది."

"అది తీసేస్తే?"

"ఉత్త మట్టి."

శిష్యురాలి మొహం వాడిపోయింది. "పోనీ, నివేదికలో ఎవరు పూశారో తెలీదని రాసేద్దామా?"

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది.

"నా పేరే పెట్టు. వాళ్లు కేకు కోసేలోపే పంపెయ్."